మొదటి బౌట్లోనే ఓడిపోయే పిల్లల సంగతి

వేసవి సెలవుల్లో జరగబోయే ఒక కరాటే పోటీ కరపత్రం మొన్న మా డోజో (కరాటే నేర్పే చోటు) వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అందులో ముఖ్య అతిథుల ఫొటోలున్నాయి. కప్పు ఎంత ఎత్తుంటుందో ఉంది. ప్రవేశ రుసుము, డబ్బు పంపాల్సిన నంబరు, చివరి తేదీ అన్నీ ఉన్నాయి. సమయం గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క ఉంది: ఉదయం 7 గంటలకు రిపోర్టింగ్. తొమ్మిదేళ్ళ పాప కటా (ఒంటరిగా చేసి చూపే కదలికల వరస) ఎప్పుడు చేస్తుందో, పదిహేనేళ్ళ కుర్రవాడి కుమితే (ఇద్దరు తలపడే బౌట్) ఎప్పుడు మొదలవుతుందో ఎక్కడా లేదు. వచ్చిన వాళ్ళందరూ ఏడింటికే రావాలి. ఆ తరువాత ఎప్పుడు పిలిస్తే అప్పుడు మ్యాట్ ఎక్కాలి.

మా అమ్మాయి కరాటే నేర్చుకుంటోంది. దాని వెంట పోటీలకు వెళ్ళీ వెళ్ళీ, మనుషులు తక్కువైన చోట స్కోరు రాసే బల్ల దగ్గర నేను కూడా కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ కూర్చుంటే గ్యాలరీలో కనిపించనివి చాలా కనిపిస్తాయి. ఒక పోటీ బాగా జరిగిందో లేదో గెలిచినవాళ్ళను అడిగితే తెలియదని నాకు అక్కడే అర్థమైంది. పతకం మెడలో పడ్డాక పొద్దుటి నుంచి పడ్డ అవస్థ ఎవరికీ గుర్తుండదు. మొదటి బౌట్లోనే ఓడిపోయి సంచి సర్దుకునే పిల్లలను అడగాలి. ఓడితే ఇంటికే అనే పద్ధతిలో నడిచే పోటీలో ఇంచుమించు సగం మంది వాళ్ళే. 32 మంది ఉంటే 16 మందికి ఆ రోజు ఒకే ఒక్క బౌట్. ప్రవేశ రుసుము మాత్రం అందరికీ ఒక్కటే.

పోటీని ఆ సగం మందిని దృష్టిలో పెట్టుకుని నడపాలన్నదే నా వాదన.

మూడో మ్యాట్ దగ్గర

ఒక పోటీలో నేను మూడో మ్యాట్ బల్ల దగ్గర ఉన్నాను. సాయంత్రం నాలుగు దాటింది. పాడేరు వైపు నుంచి వచ్చిన పదేళ్ళ కుర్రవాడిని పిలిచారు. వాడికి నీలం వైపు వచ్చింది. ఎదుటి పిల్లవాడు పొడగరి, అనుభవం ఉన్నవాడు. తలకు తాకీ తాకనట్టు ఒక తన్ను, మూడు పాయింట్లు. అలాంటిదే ఇంకొకటి, మరో మూడు. తరువాత పొట్ట మీదికి ఒకటి, రెండు పాయింట్లు. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే బౌట్ అక్కడితో ముగుస్తుంది. ఆ వయసు వాళ్ళకు బౌట్ నిడివే ఒకటిన్నర నిమిషం. అది ఒక నిమిషం కూడా సాగలేదు.

వాడు ఏడవలేదు. రిఫరీకి వంగి నమస్కరించాడు, ఎదుటివాడికి నమస్కరించాడు, చేతి గ్లవ్స్ విప్పి బల్ల మీద పెట్టాడు. అవి హాలులో అందరూ మార్చి మార్చి వాడుకుంటున్న గ్లవ్స్, లోపలి భాగం తడిసి ముద్దయి ఉంది. వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని నా వైపు చూసి, "మళ్ళీ ఎప్పుడండీ?" అని అడిగాడు. ఇంకొక బౌట్ ఉంటుందని అనుకున్నాడు. వాడిని ఓడించిన పిల్లవాడు ఫైనల్‌కు వెళితే రెపెషాజ్ అనే పద్ధతిలో మళ్ళీ అవకాశం వస్తుంది, లేకపోతే లేదు. ఆ విషయం వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. ఆ పొడగరి తరువాతి రౌండులో ఓడిపోయాడు.

వాళ్ళ నాన్నతో తరువాత మాట్లాడాను. ఏడింటికి రిపోర్టింగ్ అన్నారు కాబట్టి ముందు రోజు మధ్యాహ్నమే బస్సెక్కి, ఘాటు దిగి, విశాఖలోని గాజువాకలో తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకుని వచ్చారట. రెండు రోజుల పని పోయింది. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. "మధ్యాహ్నం తరువాతే అని ముందే చెప్పి ఉంటే పొద్దున్న మొదటి బస్సుకే బయలుదేరేవాళ్ళం మేడమ్" అని మాత్రం అన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే వాటిలో చాలా భాగం ఆయన ఆ ఒక్క మాటలోనే ఉంది.

లెక్క ముందే తెలుస్తుంది

"ఎప్పుడు అవుతుందో ముందే ఎలా చెప్పగలం? పోటీ అంటే అలాగే ఉంటుంది" అంటారు నిర్వాహకులు. చెప్పగలరు. ఒక విభాగంలో ఎంతమంది ఉంటే, రెపెషాజ్ పక్కన పెడితే, అంతకన్నా ఒకటి తక్కువ బౌట్లు జరుగుతాయి. 400 మంది పిల్లలు 30 విభాగాల్లో ఉంటే 370 బౌట్లు. మూడు మ్యాట్లుంటే మ్యాట్‌కు 123. పేరు పిలవడం, గ్లవ్స్ తొడగడం, నమస్కారాలు, మధ్యలో ఆగడాలు కలుపుకుంటే ఒక్కో బౌట్‌కు నాలుగు నిమిషాలు పడుతుంది, అంటే గంటకు 15. మొత్తం ఎనిమిది గంటల పైమాటే. ప్రారంభోత్సవం ముగిసి పదింటికి మొదలైతే, భోజనానికి ఆపకపోయినా, సాయంత్రం ఆరు దాటుతుంది. ఎంట్రీలు ముగిసిన రోజు రాత్రే పెన్నూ కాగితం పెట్టుకుంటే తేలిపోయే లెక్క ఇది.

నిమిషాలతో సహా చెప్పాలని నేను అడగడం లేదు. చిన్నవాళ్ళు పొద్దున్న, పెద్దవాళ్ళు మధ్యాహ్నం తరువాత అని రెండు భాగాలు చేస్తే చాలు. రెండో భాగం వాళ్ళు పన్నెండున్నరకు రావాలని రాస్తే చాలు. హాలులో జనం సగమవుతారు. మరుగుదొడ్ల దగ్గర వరస తగ్గుతుంది. కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మే నెలలో మన సముద్రపు ఉక్కపోతలో, మందపాటి నూలు గీ (కరాటే దుస్తులు) తొడుక్కుని పిల్లలు ఎనిమిది గంటలు కూర్చోవలసిన అవసరం తప్పుతుంది. బ్రెజిలియన్ జియుజిట్సు అనే కుస్తీ లాంటి యుద్ధకళ పోటీల్లో చాలా చోట్ల స్మూత్‌కాంప్ అనే వ్యవస్థ వాడతారు. ఏ మ్యాట్ మీద, సుమారు ఎన్ని గంటలకు మన వంతు వస్తుందో ఫోనులోనే కనిపిస్తుంది, ఆలస్యమైతే ఆ సమయమూ జరుగుతుంది. మనకు అంత లేకపోయినా గోడకు అంటించిన ఒక కాగితం, దాని మీద నడుస్తున్న బౌట్ నంబరు రాసే ఒక మనిషి ఉంటే చాలు.

అతిథుల కోసం పోటీని ఆపడం గురించి కూడా చెప్పాలి. వామప్ చేసి, చెమట పట్టి, పిలుపు కోసం నిలబడ్డ పిల్లలను శాలువాల కార్యక్రమం అయ్యేదాకా కూర్చోబెడితే ఒళ్ళు చల్లబడిపోతుంది. ఆ వెంటనే తన్నమంటే తొడ కండరం పట్టేస్తుంది. అతిథి వస్తే వచ్చి కూర్చుని బౌట్లు చూడవచ్చు. సత్కారం భోజన విరామంలో చేయవచ్చు. ఆయన గౌరవానికి దానివల్ల ఏ లోటూ రాదు.

తినడానికి భయం

వేళ తెలియకపోవడం వల్ల జరిగే అన్నిటికన్నా పెద్ద నష్టం పిల్లల కడుపుకు. కుమితే విభాగాలు వయసుతో పాటు బరువును బట్టి ఉంటాయి. పొద్దున్నే తూకం. అందుకని ముందు రోజు రాత్రి సరిగా తినరు, తెల్లవారాక నీళ్ళు కూడా ముట్టరు. తూకం అయ్యాక తింటారా అంటే అదీ లేదు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, కడుపు నిండా తిని మ్యాట్ ఎక్కితే వాంతి అవుతుందని భయం. పదింటికి పిలుస్తారేమో అని ఆగుతారు, పదకొండుకేమో అని ఆగుతారు. అలా మధ్యాహ్నం మూడవుతుంది. నీలం బెల్టు అమ్మాయి ఒకతి మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇప్పుడు నీళ్ళు తాగవచ్చా?" అని అడిగింది. తూకం పొద్దున్న ఎనిమిదింటికే అయిపోయింది. తాగవచ్చని ఎవరూ చెప్పలేదు కనుక తాగలేదు. సీసా ఇస్తే సగం ఒక్క గుక్కలో తాగేసింది.

బరువు తగ్గించుకునే తొందర ఎంత దూరం తీసుకుపోతుందో క్రీడాలోకానికి బాగా తెలుసు. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు నెల రోజుల కాస్త పైచిలుకు వ్యవధిలో చనిపోయారు. ముగ్గురూ వేడిలో, చెమట బయటికి పోనివ్వని దుస్తుల్లో కసరత్తు చేసి బరువు దించుకుంటున్నవారే. ఆ తరువాత అక్కడి కాలేజీ క్రీడల సంస్థ అలాంటి దుస్తులను, ఆవిరి గదులను నిషేధించి, తూకాన్ని పోటీ వేళకు దగ్గరగా జరిపింది. మన దగ్గర 2024లో పారిస్‌లో వినేశ్ ఫొగాట్‌కు జరిగింది ప్రతి డోజోలోనూ కథగా చెబుతున్నారు. 100 గ్రాములతో ఒలింపిక్ ఫైనల్ పోయింది, కాబట్టి జాగ్రత్త అని పదేళ్ళ పిల్లలకు చెబుతున్నారు. ఆమె పెద్దది, ఆమె చుట్టూ వైద్యులు, పోషకాహార నిపుణులు ఉన్నారు. ఎదిగే వయసు పిల్లలకు ఆ భయం అంటించడం అన్యాయం. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకు ఒక కిలో వెసులుబాటు ఇవ్వండి. తూకం వాళ్ళ భాగం మొదలయ్యే గంట ముందు పెట్టండి. తూకం అవగానే "వెళ్ళి తినండి, మీకు ఇంకా ఇంత సమయం ఉంది" అని ఒక మనిషి చెప్పాలి. వేళ తెలిసినప్పుడే ఆ మాట చెప్పడం సాధ్యమవుతుంది.

ఆడపిల్లల తూకం దగ్గర ఆడమనిషి ఉండాలి, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఉండాలి. దీన్ని వాదించి ఒప్పించాల్సిన అవసరం ఇంకా ఉండకూడదు. తలకు గట్టిగా తగిలిన పిల్లవాడిని ఆ రోజు మళ్ళీ మ్యాట్ ఎక్కించకూడదన్నది కూడా అటువంటిదే. వాడు బాగానే ఉన్నానంటాడు, మాస్టరు గారూ బాగానే ఉన్నాడంటారు. ఆ నిర్ణయం వాళ్ళిద్దరి చేతిలోనూ ఉండకూడదు, వైద్యుడి చేతిలో ఉండాలి.

ఓర్పు నేర్పుతున్నామనే మాట

నాకు అన్నిటికన్నా బలంగా కనిపించిన ఎదురు వాదన మా మాస్టరు గారిదే. ఆయనంటే నాకు ఎంతో గౌరవం. "ఇది కేవలం ఆట కాదమ్మా. ఎదురుచూడటం కూడా సాధనే. ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండాలి. అన్నీ అమర్చి పెడితే యోధుడు తయారు కాడు" అన్నారు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. మా అమ్మాయిలో వచ్చిన నిదానం, ఓడినప్పుడు తల ఎత్తుకుని నమస్కరించే పద్ధతి ఆ సాధన ఇచ్చినవే.

అయినా ఆలోచించిన కొద్దీ ఆ వాదన నిలవలేదు. డోజోలో ఓర్పు నేర్పేటప్పుడు ఎదురుగా గురువు ఉంటారు. ఆ నిలబడటానికి ఒక అర్థం ఉందని పిల్లలకు తెలుసు. హాలులో తొమ్మిది గంటలు కూర్చోవడానికి జాబితా ఎవరూ తయారు చేయకపోవడం తప్ప మరో కారణం లేదు. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. యుద్ధకళల పెద్దలే చెప్పిన మాట కూడా ఉంది. జూడో స్థాపకుడు జిగోరో కానో దానికి ఆధారంగా పెట్టిన సూత్రాలు రెండు: శక్తిని వృథా కాకుండా వినియోగించడం, తనతో పాటు ఎదుటివాడి మేలు చూడటం. పిల్లల శక్తి మొత్తం గ్యాలరీ మెట్ల మీద కరిగిపోయే పోటీలో ఈ రెండింటిలో ఏదీ కనిపించదు.

పైగా ఈ పోటీల పద్ధతి అనాదిగా వస్తున్నదేమీ కాదు. జపాన్ కరాటే అసోసియేషన్ మొదటి అఖిల జపాన్ పోటీలు జరిపింది 1957లో. గిచిన్ ఫునకోషి కన్నుమూసింది అదే ఏడాది ఏప్రిల్‌లో. అంటే ఆధునిక కరాటేకు పితామహుడు అనదగ్గ మనిషి ఆ పోటీలను చూడనే లేదు. నిన్న మొన్న మనుషులు ఏర్పరచుకున్న పద్ధతిని అవసరాన్ని బట్టి మనుషులే మార్చుకోవచ్చు.

పతకం కన్నా ఇంకొక బౌట్

పిల్లలు నిరాశపడకుండా కొందరు నిర్వాహకులు ఇంకో దారి పట్టారు. విభాగాలను చిన్నచిన్న ముక్కలు చేసి, ముగ్గురిని ఒక విభాగంలో పెట్టి, ముగ్గురికీ పతకాలు ఇస్తారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు, ఫొటోలు పెట్టుకుంటారు. కళాశాల ప్రవేశాల్లో క్రీడా కోటా ఆశ కూడా కొందరికి ఉంటుంది కనుక ప్రశంసాపత్రం అందితే చాలనుకుంటారు. ఆ ఆశను నేను తప్పుపట్టను. కానీ ఒక్క బౌటూ గెలవకుండా కంచు పతకం అందుకున్న పిల్లకు తన ఆట గురించి తెలిసిందేమీ లేదు. నాతో అలాంటి పిల్ల ఒకతి, "నేను ఇద్దరి చేతిలో ఓడిపోయాను కదా ఆంటీ, మరి ఇదెందుకు?" అంది. పిల్లలకు లెక్కలు బాగా తెలుసు.

వాళ్ళకు కావలసింది ఇంకొక బౌట్. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే కుమితే ఎలా నడిచిందో గుర్తు చేసుకోండి. ఇంచుమించు అన్ని విభాగాల్లోనూ పదేసి మంది. ఐదుగురేసి చొప్పున రెండు గుంపులు, గుంపులో ప్రతి ఒక్కరూ మిగిలిన నలుగురితో తలపడాలి. ప్రపంచంలో అత్యుత్తమ స్థాయికి చేరినవాళ్ళకు కూడా ఒక్క బౌట్‌తో ఇంటికి పంపడం సరికాదని అనుకున్నారు. పాడేరు నుంచి వచ్చిన పదేళ్ళవాడికి అది ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే వాడు ఇంకా నేర్చుకుంటున్నాడు.

ఖర్చు ఎంత? 24 మంది ఉన్న విభాగాన్ని తీసుకోండి. ఓడితే ఇంటికే అనే పద్ధతిలో 23 బౌట్లు. ముగ్గురేసి చొప్పున ఎనిమిది గుంపులు చేస్తే గుంపుల్లో 24 బౌట్లు, గుంపు విజేతల మధ్య ఏడు, మొత్తం 31. ఎనిమిది బౌట్లు ఎక్కువ, అంటే అరగంట. ఆ అరగంటకు ప్రతి పిల్లకూ రెండు బౌట్లు దక్కుతాయి. నలుగురేసి గుంపులైతే మూడేసి దక్కుతాయి, కానీ అప్పుడు బౌట్లు 41 అవుతాయి. ఒక మ్యాట్ మీద గంటకు పైగా అదనం. పదేళ్ళలోపు వాళ్ళకైనా ముగ్గురేసి గుంపులు పెట్టవచ్చు.

దీని మీద నాకున్న సందేహం కూడా చెప్పాలి. బలహీనంగా ఉన్న పిల్లవాడు ఒక్కసారి దెబ్బతిని పోయేచోట రెండుసార్లు తింటాడు. మొదటి బౌట్ 0-8తో ఓడినవాడు రెండోది కూడా అలాగే ఓడితే ఇంకా కుంగిపోడా? కొందరు కుంగిపోతారు. ఒకే గుంపులో అనుభవంలో మరీ తేడా ఉన్నవాళ్ళు పడకుండా బెల్టులను చూసి గుంపులు కడితే ఇది కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అయినా రెండో బౌట్లో ఒక్క పాయింటు తెచ్చుకుని మెరిసిపోయిన ముఖాలు చూశాను. మొదటి బౌట్లో భయంతో గడ్డకట్టుకుపోయిన పిల్లలకు ఆ భయం తీరేది రెండో బౌట్లోనే. నష్టాన్నీ లాభాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను రెండో బౌట్ వైపే ఉంటాను.

చూడటానికి వచ్చినవాళ్ళు

పిల్లల వెంట వచ్చే తాతలు, అమ్మమ్మలు, చెల్లెళ్ళు హాలులో ఎక్కువ మంది. వాళ్ళకు జరుగుతున్నది అర్థం కాదు. మూడు మ్యాట్ల మీద మూడు బౌట్లు, ఒకే మైకు, దానిలోంచి పేర్లు సగం వినిపిస్తాయి. మా అమ్మ ఒకసారి మనవరాలి బౌట్ మొత్తం కళ్ళార్పకుండా చూసి, చివర రిఫరీ చెయ్యెత్తాక నన్ను, "మనం గెలిచామా?" అని అడిగింది. ఎరుపు ఎవరో నీలం ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇదే విశాఖ నగరంలో ప్రొ కబడ్డీ జరిగినప్పుడు బోనస్ పాయింటు అంటే ఏమిటో, సూపర్ ట్యాకిల్ అంటే ఏమిటో జనానికి అర్థమైంది. వ్యాఖ్యాతలు విసుగు లేకుండా చెప్పారు కనుక అర్థమైంది. కరాటేలో చెప్పాల్సింది అంతకన్నా తక్కువే. గుద్దుకు ఒక పాయింటు, పొట్ట మీద తన్నుకు రెండు, తల మీద తన్నుకు మూడు, స్కోరు సమమైతే ఎదురు లేకుండా మొదటి పాయింటు తెచ్చుకున్నవాళ్ళకు మొగ్గు. దీన్ని తెలుగులో గంటకొకసారి మైకులో చెప్పినా, ప్రవేశద్వారం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టినా గ్యాలరీ స్వభావమే మారుతుంది. రిఫరీల మీద తల్లిదండ్రులు అరవడం నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం నియమం తెలియక అరిచినవే.

తెలిసి అరిచిన సందర్భాలూ ఉన్నాయి. రిఫరీ తన డోజో పిల్లవాడి బౌట్లోనే నిలబడితే, ఆయన ఎంత నిజాయతీపరుడైనా అనుమానం వస్తుంది. మ్యాట్లు మార్చుకుంటే తీరిపోతుంది. అలసట సంగతి మాత్రం ఇంకా కష్టం. పొద్దున్న పదింటి నుంచి నిలబడ్డ రిఫరీ సాయంత్రం ఆరింటికి చూసేవి ఫైనళ్ళు. రోజంతటిలో అత్యంత ముఖ్యమైన నిర్ణయాలు అత్యంత అలసిన కళ్ళతో జరుగుతున్నాయి. రోజును రెండు భాగాలు చేస్తే రిఫరీలకూ విశ్రాంతి దొరుకుతుంది.

ఎవరిని రావద్దనాలి

ఇదంతా మా మాస్టరు గారి ముందు పెట్టాను. ఆయన డబ్బు లెక్క చెప్పారు. హాలు అద్దె, మ్యాట్లు తెచ్చి పరిచే లారీ, రిఫరీల భోజనం, అంబులెన్సు, పతకాలు, ఇవన్నీ ప్రవేశ రుసుముతోనే గడవాలి. దాతలు దొరికితే కప్పు ఇస్తారు, హాలు అద్దె ఇవ్వరు. పిల్లలు తగ్గితే రుసుము పెంచాలి, పెంచితే ఇప్పటికే అప్పు చేసి వస్తున్నవాళ్ళు రాలేరు. ఇది నిజం. మంచి మనసున్న నిర్వాహకులు కూడా 400 దగ్గర ఆగలేక 600 దాకా వెళ్ళేది ఇందుకే. "ఎంట్రీలు ఆపాలంటే ఎవరిని రావద్దనాలో నువ్వు చెప్పు" అని ఆయన అడిగారు.

నా సమాధానం ఇది. మ్యాట్లను బట్టి ఎంతమందికి వీలవుతుందో ముందే లెక్క కట్టి, ఆ సంఖ్యను కరపత్రంలోనే వేయాలి. ముందు పేరిచ్చినవాళ్ళు ముందు. అందులో కొన్ని స్థానాలు అనకాపల్లి, అల్లూరి జిల్లాల నుంచి వచ్చేవాళ్ళకు చివరి తేదీ దాకా అట్టేపెట్టాలి, ఎందుకంటే వాళ్ళకు కబురు ఆలస్యంగా చేరుతుంది. ఒక్కో డోజో నుంచి ఒక్కో విభాగంలో ఇంతమందే అని హద్దు పెట్టాలి. తగ్గే రుసుమును కప్పు ఎత్తు తగ్గించి, వేదిక అలంకరణ తగ్గించి కొంత పూడ్చుకోవచ్చు. మిగిలినదానికి, స్థోమత ఉన్న మావంటి తల్లిదండ్రులం కాస్త ఎక్కువ చెల్లించడానికి సిద్ధమే. మా డోజోలో కొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

మాస్టరు గారు రెండు భాగాల పద్ధతికి సరేనన్నారు. తాను నిర్వాహక సంఘంలో ఉన్న తరువాతి పోటీకి రిపోర్టింగ్ వేళలు విడివిడిగా వేయిస్తానన్నారు. పదేళ్ళలోపు వాళ్ళకు ముగ్గురేసి గుంపులు ఒక మ్యాట్ మీద ప్రయత్నించి చూద్దామన్నారు. డోజోకు ఇంతమందే అన్న హద్దు దగ్గర మాత్రం ఆగిపోయారు. తన దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఎవరిని ఇంట్లో ఉండమనాలో ఆయనకు పాలుపోలేదు. దాని మీద మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.